పడవ గేర్‌బాక్స్ ఆయిల్: చూడటం, చదవటం, మార్చటం

తెరచాప పడవ కొత్తగా కొన్నవాళ్లు ఇంజిన్ ఆయిల్ గురించి అడుగుతారు, డీజిల్ ఫిల్టర్ గురించి అడుగుతారు, బ్యాటరీల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఇంజిన్ వెనక బోల్టులతో బిగించి ఉండే చిన్న గేర్‌బాక్స్ సంగతి మాత్రం, రేవులోకి వస్తూ రివర్స్ వేస్తే పడవ ఆగని రోజున గానీ గుర్తుకు రాదు. పడవకు బ్రేకులుండవు. రివర్స్ గేరే బ్రేకు. అది సరిగ్గా పట్టాలంటే లోపల ఉండాల్సిన ఆయిల్ చాలా పడవల్లో 300 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే. ఇంజిన్‌లో లీటర్ల కొద్దీ ఆయిల్ ఉంటుంది కాబట్టి కాస్త తగ్గినా నెట్టుకొస్తుంది. ఇక్కడ వంద మిల్లీలీటర్లు కారిపోతే మూడో వంతు పోయినట్టే.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవల (ఒక్కరు నడిపే, ఇంజిన్ లేని చిన్న తెరచాప పడవలు) మీద తెరచాప పట్టడం నేర్చుకున్నవాళ్లకు ఇంజిన్‌తో పనే పడి ఉండదు. అలాంటివాళ్లు అమెరికా వెళ్లి, శాన్ ఫ్రాన్సిస్కో బే వైపో సియాటిల్ వైపో పాత ముప్పై అడుగుల పడవ కొన్నాక మొదటిసారి ఈ పెట్టెను చూస్తారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణలుగా తీసుకుంటున్నది అక్కడి పాత పడవల్లో తరచుగా కనిపించే రెండు జతల్ని: యాన్మార్ 2జీఎమ్20 ఇంజిన్‌తో వచ్చే కేఎమ్2పీ గేర్‌బాక్స్, కాటలీనా పడవల్లో ఉండే యూనివర్సల్ డీజిల్‌తో వచ్చే హర్త్ గేర్‌బాక్స్. ఈ యూనివర్సల్ ఇంజిన్ల లోపలి బ్లాకు కుబోటాది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల కంపెనీయే. ఆ ధైర్యంతోనైనా మూత తీయండి.

ముందు ఏ ఆయిలో తేల్చుకోండి

స్పానర్ పట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. చాలా గేర్‌బాక్సులు పాడయ్యేది ఆయిల్ మార్చకపోవడం వల్లా, తప్పు ఆయిల్ పోయడం వల్లా. రెండోదాన్ని ఆపడానికి ఐదు నిమిషాలు చాలు.

గేర్‌బాక్స్ మీద చిన్న లోహపు పలక ఉంటుంది. దాని మీద మోడల్ పేరు, గేరు నిష్పత్తి, నంబరు ఉంటాయి. పెయింటు పూసేసి ఉంటే గుడ్డతో రుద్దండి, చేయి దూరకపోతే ఫోన్ లోపల పెట్టి ఫోటో తీయండి. ఇంజిన్ పేరు చూసి గేర్‌బాక్స్ ఇదే అయి ఉంటుందని అనుకోకండి. పాత పడవల్లో గేర్‌బాక్స్ ఎప్పుడో ఒకప్పుడు మారి ఉండొచ్చు. కాటలీనాల్లోనే ఒకే రకం ఇంజిన్‌కు కొన్నింటిలో చిన్న హర్త్, కొన్నింటిలో పెద్ద హర్త్ కనిపిస్తాయి.

కేఎమ్2పీలో పోయాల్సింది మామూలు ఇంజిన్ ఆయిలే. యాన్మార్ చెప్పేది ఎస్ఏఈ 20 లేదా 30, ఏపీఐ సీసీ గ్రేడు లేదా అంతకంటే పైది (ఎస్ఏఈ అంకె చిక్కదనాన్ని, ఏపీఐ అక్షరాలు నాణ్యతను చెబుతాయి, రెండూ డబ్బా మీదే ఉంటాయి). పట్టేది 0.3 లీటరు. హర్త్ హెచ్‌బీడబ్ల్యూ 50కి కూడా 0.3 లీటరు, హెచ్‌బీడబ్ల్యూ 100కి 0.35 లీటరు. కానీ వీటిలో పోయాల్సింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సుల్లో వాడే ఎర్రటి ద్రవం, డెక్స్‌రాన్ రకం. హర్త్ కంపెనీ తర్వాత జడ్‌ఎఫ్ చేతికి వెళ్లింది కాబట్టి కొత్త పలకల మీద జడ్‌ఎఫ్ పేరు ఉంటుంది.

ఎందుకింత పట్టింపు అంటే, ఈ రెండు గేర్‌బాక్సుల్లోనూ క్లచ్ ఆయిల్‌లో మునిగే పనిచేస్తుంది. యాన్మార్‌ది శంకువు ఆకారపు క్లచ్, హర్త్‌ది పలకల క్లచ్. రెండింటిలోనూ ఆయిల్‌ను ఒత్తిడితో తోసే పంపు లేదు. పళ్ల చక్రాలు తిరుగుతూ చిమ్మే ఆయిలే అన్నిచోట్లకూ చేరాలి. మోటార్ సైకిల్‌లో కారు ఇంజిన్ ఆయిల్ పోస్తే క్లచ్ జారడం చాలామందికి అనుభవమే. ఇక్కడా అంతే. మరీ జారుడు గుణం ఉన్న ఆయిల్ పోస్తే పళ్లకు మంచిదే, క్లచ్‌కు పట్టు దొరకదు. ‘గేర్‌బాక్స్ కదా’ అని గేర్ ఆయిల్ డబ్బా ఎత్తేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

డిప్‌స్టిక్‌కు (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీకి) అంటిన రంగు చూసి నిర్ణయించొద్దు. మీకంటే ముందు ఓనర్ తప్పు ఆయిల్ పోసి ఉంటే మీరు అదే తప్పును కొనసాగిస్తారు. మాన్యువల్ చెప్పిందే ఫైనల్. తేలాక, పర్మనెంట్ మార్కర్‌తో గేర్‌బాక్స్ పక్క గోడ మీద ‘ఏటీఎఫ్, 350 మి.లీ.’ అనో ‘ఎస్ఏఈ 30, 300 మి.లీ.’ అనో పెద్దక్షరాలతో రాసేయండి.

లెవెల్ చూడటం

పడవ రేవులో కట్టి ఉండాలి, ఒక పక్కకు ఒరగకూడదు. ఒకవైపు బరువుగా సామాను, మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంటే ముందు సర్దండి. ఇంజిన్ ఆపి ఉండాలి, లీవరు న్యూట్రల్‌లో ఉండాలి. తాళంచెవి తీసి మీ జేబులో వేసుకోండి. పైన ఉన్నవాళ్లు ‘ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అనుకునే అవకాశం కూడా ఉండకూడదు. ఇంజిన్‌కు అడ్డుగా ఉండే మెట్లు తీసేసి ఇంజిన్ గదిలోకి వంగుతారు కాబట్టి చున్నీ, మెడలో గొలుసు, వదులు చేతులు, పొడవాటి జడ లాంటివన్నీ ముందే సర్దుకోండి.

డిప్‌స్టిక్ గేర్‌బాక్స్ పైన మూతకే అతుక్కుని ఉంటుంది. చాలా హర్త్ గేర్‌బాక్సులకు 17 మి.మీ. స్పానర్ సరిపోతుంది. తెరిచే ముందు ఆ చుట్టుపక్కల తుప్పు, దుమ్ము, పెయింటు పెచ్చులు శుభ్రంగా తుడవండి. లేకపోతే అవన్నీ నేరుగా బేరింగుల్లోకే పోతాయి.

మూత తీసి, కడ్డీని మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టండి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. హర్త్‌లోనూ కేఎమ్2పీలోనూ మూతను మరలో తిప్పి బిగించి చూడకూడదు. మర అంచు మీద ఊరికే ఆనించి, తీసి చూడాలి. బిగించి చూస్తే కడ్డీ ఇంకాస్త లోతుకు దిగి, ఉన్నదానికంటే ఎక్కువ ఆయిల్ చూపిస్తుంది. మీరు ‘నిండుగా ఉంది’ అనుకుంటారు, లోపల తక్కువ ఉంటుంది. కొన్ని వేరే మోడళ్లలో పద్ధతి వేరుగా ఉండొచ్చు, మీ మాన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి.

ఆయిల్ పై గీతకూ కింది గీతకూ మధ్య, లేదా గీతకూ కడ్డీ కొసకూ మధ్య ఉండాలి. కొత్త ఇంజిన్ ఆయిల్ లేత రంగులో తేటగా ఉంటుంది కాబట్టి మసక వెలుతురులో కనిపించదు. కడ్డీని టిష్యూ పేపర్ మీద ఆనిస్తే తడి ఎక్కడిదాకా ఉందో తేలిపోతుంది.

ఎంత తరచుగా చూడాలి? నెలకోసారి, పెద్ద ప్రయాణానికి ముందు తప్పనిసరిగా. గేర్‌బాక్స్ ఆయిల్ మండదు. ఇంజిన్ ఆయిల్‌లా అది ‘తాగడం’ ఉండదు. తగ్గిందంటే కారిందని అర్థం. కాబట్టి ఊరికే పోసి మూత పెట్టేయకండి, ఎటు పోయిందో వెతకండి.

పాత ఆయిల్‌ను చదవండి

నా ఉద్దేశంలో ఆయిల్ మార్చడంలో సగం ప్రయోజనం ఇందులోనే ఉంది. గేర్‌బాక్స్ విప్పకుండా లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. కడ్డీకి అంటిన రెండు చుక్కలతో సరిపెట్టకండి. తీసిన ఆయిల్ కొంచెం తెల్లటి ప్లేటులోనో పారదర్శకమైన సీసాలోనో పోసి, ఎండలో పెట్టి చూడండి.

గేర్‌బాక్స్‌లో ఇంధనం మండదు కాబట్టి మసి ఉండదు. అందుకే కేఎమ్2పీలో పోసిన ఇంజిన్ ఆయిల్ ఏడాది తర్వాత కూడా తేనె రంగులోనే ఉండాలి. ఏటీఎఫ్ ఎర్రదనం కాస్త ముదిరి గోధుమ వైపు తిరగడం మామూలే. నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం క్లచ్ జారి వేడెక్కుతోందని అనుమానించాలి. అప్పుడు ఆయిల్ ఒక్కటే మారిస్తే ఆ జబ్బు పోదు. గేరు కేబుల్ వైపు చూడాలి, దాని గురించి కింద చెబుతాను.

పాలు కలిసినట్టు తెల్లబారితే నీళ్లు చేరాయి. ఏటీఎఫ్ అయితే స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ రంగులోకి మారుతుంది. ఇంజిన్ ఆయిల్ అయితే మబ్బుగా లేత గోధుమ రంగులో కనిపిస్తుంది. మూత లోపలి వైపు మాత్రమే సన్నటి తెల్లటి పొర ఉండి, సీసాలోని ఆయిల్ తేటగా ఉంటే అది గాలిలోని తేమ కావచ్చు. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపే అలవాటున్న పడవల్లో అది కనిపిస్తుంది. సీసాను ఒక రాత్రి కదపకుండా ఉంచితే నీళ్లు బాగా ఉన్నప్పుడు అడుగున విడిగా చేరతాయి.

తర్వాత అయస్కాంతం. చిన్నదాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆయిల్‌లో తిప్పండి. వేలికి మెత్తగా తగిలే బూడిద రంగు పేస్టు కొంచెం అంటితే కంగారు అక్కర్లేదు, అది మామూలు అరుగుదల. గోటితో తీయగలిగే పెళుసు ముక్కలు, పెచ్చులు వస్తే పళ్లో బేరింగో దెబ్బతింటున్నాయి. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు ప్లేటులో చాలా కనిపించినా మెకానిక్‌ను పిలవాల్సిందే.

మార్చడానికి కావాల్సినవి

పెద్ద సరంజామా ఏమీ లేదు. సరైన ఆయిల్ ఒక లీటరు, సన్నటి గొట్టం ఉన్న చేతి పంపు, మిల్లీలీటర్ల గీతలున్న కొలపాత్ర, పొడవాటి గొట్టం తగిలించిన చిన్న గరాటు, పాత ఆయిల్ పట్టడానికి గట్టి మూత ఉన్న సీసా, నైట్రైల్ గ్లౌజులు, టార్చి. ఆయిల్ పీల్చే తెల్లటి ప్యాడ్లు కొన్ని గేర్‌బాక్స్ కింద పరవండి. మూత కింద, డ్రెయిన్ ప్లగ్ కింద ఉండే రాగి వాషర్లు కొత్తవి రెండు దగ్గర పెట్టుకోండి. పాత వాషర్ అప్పటికే నలిగి గట్టిపడి ఉంటుంది. రెండోసారి బిగిస్తే సరిగ్గా కూర్చోదు, అక్కడినుంచే చెమ్మ మొదలవుతుంది.

గరాటు, కొలపాత్ర పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. వంటగదిలో కడిగి తెచ్చిన గరాటులో నాలుగు నీటి చుక్కలున్నా, ఇంత తక్కువ ఆయిల్‌లో అవి లెక్కలోకి వస్తాయి.

పాతది తీయడం

ముందు ఆయిల్ వేడెక్కాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, మురికి అడుగునే ఉండిపోతుంది. సముద్రపు నీటి వాల్వు తెరిచి ఇంజిన్ స్టార్ట్ చేయండి, పొగగొట్టం నుంచి నీళ్లు పడుతున్నాయో చూడండి. న్యూట్రల్‌లో ఎంతసేపు నడిపినా ఇంజిన్ వేడెక్కుతుంది గానీ గేర్‌బాక్స్ అంతగా వేడెక్కదు. పడవను ముందుకూ వెనక్కూ గట్టి తాళ్లతో కట్టి, తక్కువ వేగంలో పది నిమిషాలు గేర్లో నడపండి. పక్క పడవలవాళ్లకు ముందే ఓ మాట చెబితే మర్యాదగా ఉంటుంది. తర్వాత ఇంజిన్ ఆపి, తాళంచెవి మళ్లీ జేబులో.

గేర్‌బాక్స్ అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. పుస్తకం ప్రకారం అదే సరైన దారి, అడుగున ఉన్న చెత్తంతా దానితోనే పోతుంది. కానీ చాలా తెరచాప పడవల్లో దాని కింద పళ్లెం పెట్టేంత జాగా ఉండదు. అక్కడ ప్లగ్ విప్పితే ఆయిల్ నేరుగా బిల్జ్‌లోకి (పడవ అడుగున నీళ్లు చేరే గుంటలోకి), అక్కడినుంచి ఆటోమేటిక్ పంపు ద్వారా బయటి నీళ్లలోకి పోతుంది. మీ పడవలో జాగా లేకపోతే మొండిగా ప్రయత్నించకండి, పైనుంచి పంపుతో లాగేయండి. ఏ దారైనా సరే, పని అయ్యేదాకా బిల్జ్ పంపు స్విచ్ ఆపి ఉంచండి.

డిప్‌స్టిక్ రంధ్రంలోంచి గొట్టాన్ని మెల్లగా దించండి. పళ్ల చక్రం తగిలితే బలవంతంగా తోయకుండా పక్కకు తిప్పి దారి చూసుకోండి. గొట్టం లోపల ఉండగా ఎవరూ షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) తిప్పకూడదు. ఇంజిన్, గేర్‌బాక్స్ సాధారణంగా వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి ఆయిల్ వెనక వైపు చేరుతుంది, గొట్టం కొస అటు చేరేలా చూడండి. పంపు గాలి లాగడం మొదలుపెట్టగానే పని అయిపోయిందనుకోకండి. కాసేపు ఆగి, గొట్టాన్ని కాస్త కదిపి మళ్లీ లాగితే ఇంకొంత వస్తుంది.

వచ్చిన ఆయిల్‌ను కొలవండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నేను తప్పనిసరి అంటాను. 300 పట్టే దానిలోంచి 270 వస్తే బాగానే లాగారు, మిగతాది గోడలకూ పళ్లకూ అంటుకుని ఉంటుంది. 150 మాత్రమే వస్తే, మొదట డిప్‌స్టిక్ మీద లెవెల్ ఎంత చూశారో గుర్తు చేసుకోండి. అప్పుడు సరిగ్గా ఉండి ఉంటే గొట్టం అడుగుకు చేరలేదన్న మాట. అప్పుడే తక్కువ ఉంటే ఎక్కడో లీకు ఉంది. 300 కంటే ఎక్కువ వస్తే ఎవరో ఎక్కువ పోశారు, లేదా నీళ్లు చేరాయి.

కొత్తది పోయడం

తీసింది ఎంతో అంతే పోయాలన్న లెక్క పెట్టుకోకండి, లెవెల్ గీతే ప్రమాణం. చెప్పిన కొలతలో మూడొంతులు ముందు పోసి, రెండు మూడు నిమిషాలు ఆగండి. సన్నటి దారుల్లోంచి కిందికి దిగడానికి ఆ సమయం కావాలి. తర్వాత మూత ఆనించి చూస్తూ, కొద్దికొద్దిగా, ఓ ఇరవై మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ పై గీత దగ్గర ఆపండి.

‘ఇంకాస్త పోస్తే మంచిదేగా’ అనిపిస్తుంది. కాదు. ఎక్కువైతే పళ్ల చక్రాలు ఆయిల్‌ను చిలికి నురగ తెప్పిస్తాయి. వేడి పెరుగుతుంది, లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగుల) దగ్గర కారుతుంది. మూత దగ్గరో పైనో గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది పెయింటుతోనో గ్రీజుతోనో మూసుకుపోయి ఉంటే సన్నటి తీగతో శుభ్రం చేయండి. అది మూసుకుపోతే ఆయిల్ సరైన లెవెల్లో ఉన్నా ఇదే బాధ.

కొత్త వాషర్ వేసి మూత బిగించండి. గేర్‌బాక్స్ పెట్టె అల్యూమినియంది, దాని మర తేలిగ్గా చెడుతుంది. పొడవాటి స్పానర్‌తో బలం చూపించే చోటు ఇది కాదు.

మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేసి, తాళ్లు కట్టి ఉండగానే ముందుకు ఓ నిమిషం, న్యూట్రల్‌లో ఆగి వెనక్కి ఓ నిమిషం నడపండి. ఆపి, ఐదు నిమిషాలయ్యాక లెవెల్ మళ్లీ చూడండి. కొంచెం తగ్గి ఉంటే నింపండి. వెళ్లేముందు గేర్‌బాక్స్ కింద కొత్త తెల్లటి ప్యాడ్ పరిచి రండి. మర్నాడు దాని మీద పడిన మచ్చ ఏ చోట ఉందో చూస్తే లీకు ఎక్కడిదో సగం తెలిసిపోతుంది.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న గంట ఆకారపు పెట్టె అడుగునుంచి చుక్కలు పడుతుంటే, అది ఇంజిన్ వెనక సీలుదైనా కావచ్చు, గేర్‌బాక్స్ ముందు సీలుదైనా కావచ్చు. రంగు చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్‌ది. ఎర్రగానో, యాన్మార్‌లో అయితే తేటగా తేనె రంగులోనో ఉంటే గేర్‌బాక్స్‌ది. వెనక వైపు, గేర్‌బాక్స్‌ను షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ దగ్గర తడి ఉంటే అది వెనక సీలు.

నీళ్లు కనిపిస్తే

నీళ్లు కలిసిన ఆయిల్ లోపల ఉంచి ‘వచ్చే వారం చూద్దాం’ అనుకోకూడదు. ఉప్పునీరైతే బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. పాతది పూర్తిగా లాగి, కొత్తది పోసి, గేర్లో కొన్ని నిమిషాలు నడిపి, మళ్లీ లాగండి. తేటగా వచ్చేదాకా ఇదే పని. రెండు మూడు సార్లు పట్టొచ్చు. ఒక్కోసారి పోసేది మూడొందల మిల్లీలీటర్లే కాబట్టి ఒక లీటరు డబ్బా చాలా దూరం వస్తుంది.

కడగడం ఒక పని, నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో కనుక్కోవడం అసలు పని. కేఎమ్2పీకి, చాలా చిన్న హర్త్‌లకు విడిగా ఆయిల్ కూలర్ ఉండదు. అక్కడ అనుమానించాల్సింది రెండింటిని. ఒకటి, బిల్జ్‌లో నీళ్లు ఎప్పుడైనా గేర్‌బాక్స్ ఎత్తుకు వచ్చాయా అన్నది. బిల్జ్ గోడ మీద మురికి గీత చూస్తే తెలుస్తుంది. రెండు, షాఫ్ట్ బయటికి వెళ్లే చోట ఉండే గ్లాండు ఎక్కువగా కారుతుంటే, తిరిగే కప్లింగ్ ఆ నీళ్లను ఎగజిమ్మి వెనక సీలు మీద పోస్తూ ఉంటుంది. సీలు అరిగి ఉంటే కొంత లోపలికి పోతుంది. ముందు గ్లాండు సరిచేసి, తర్వాత సీలు మార్పించండి.

కూలర్ ఉన్న గేర్‌బాక్స్ అయితే మొదటి అనుమానం దాని మీదే. ఒక గొట్టంలో సముద్రపు నీరు, పక్కనే ఆయిల్. మధ్య లోహం తుప్పుకు తిని చిల్లు పడితే రెండూ కలుస్తాయి. కూలర్‌ను విప్పి ఒత్తిడి పరీక్ష చేయించాలి.

సెయిల్‌డ్రైవ్ ఉన్న పడవల కథ కాస్త వేరు. అక్కడ గేర్ల భాగం పడవ అడుగునుంచి నేరుగా నీళ్లలోకి దిగి ఉంటుంది, ఆయిల్ కూడా ఎక్కువ. యాన్మార్ ఎస్‌డీ20లో 2.2 లీటర్లు పడుతుంది, పోయాల్సింది గేర్ ఆయిల్. అంటే పైన వద్దన్నదే అక్కడ కావాలి. డ్రెయిన్ ప్లగ్ నీళ్ల కింద ఉంటుంది కాబట్టి దాన్ని పడవను గట్టు మీదికి ఎత్తినప్పుడే విప్పాలి. ఆయిల్ తెల్లబారితే చాలాసార్లు కారణం ప్రొపెల్లర్ షాఫ్ట్ సీళ్లు. చేపల గాలం దారం షాఫ్ట్‌కు చుట్టుకుని వాటిని కోసేస్తుంది.

గేరు కేబుల్

ఆయిల్ బాగుండీ క్లచ్ జారుతుంటే, మాడు వాసన వస్తుంటే, వేలల్లో ఖర్చయ్యే రిపేరుకు ముందు ఇది చూడండి. ఇంజిన్ ఆపి ఉండగా ఒకరు కాక్‌పిట్‌లో (పడవ నడిపే చోట) లీవరు ముందుకు, న్యూట్రల్‌కు, వెనక్కు మార్చాలి. మీరు కింద టార్చి వేసి గేర్‌బాక్స్ మీది చిన్న చేతిని చూడాలి. అది న్యూట్రల్‌లో సరిగ్గా మధ్యలో ఉండి, రెండు వైపులా చివరిదాకా వెళ్లాలి. పైన లీవరు పూర్తిగా వెళ్లినా కింద చేయి సగంలోనే ఆగిపోతే క్లచ్ పూర్తిగా పట్టదు, జారుతూ తిరుగుతుంది, అరుగుతుంది. కేబుల్ చివరి మరలు సర్దితే చాలాసార్లు సరిపోతుంది. కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే కొత్తది వేయండి.

న్యూట్రల్‌లో తక్కువ వేగంలో గలగల శబ్దం వచ్చి, వేగం పెంచగానే పోతుంటే దానికి ఆయిల్‌తో సంబంధం లేకపోవచ్చు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే డ్యాంపర్ ప్లేటు స్ప్రింగులు అరిగితే అలాగే మోగుతుంది.

ఇంజిన్ ఆపి తెరచాప మీద వెళ్తున్నప్పుడు లీవరు ఎక్కడ ఉంచాలన్నది కూడా గేర్‌బాక్స్‌ను బట్టే. యాన్మార్ న్యూట్రల్‌లో ఉంచమంటుంది. హర్త్‌లో షాఫ్ట్ తిరిగినా నష్టం లేదు, ఆపాలనుకుంటే రివర్స్‌లో ఉంచొచ్చు, ముందు గేర్లో మాత్రం ఎప్పుడూ ఉంచకూడదు. రేవులో పక్క పడవాయన మరొకటి చెబుతాడు. ఆయన గేర్‌బాక్స్ వేరై ఉంటుంది.

ఎన్నాళ్లకోసారి, పాత ఆయిల్ ఏం చేయాలి

కొత్త గేర్‌బాక్స్ అయితే మొదటి మార్పు త్వరగా చేయాలి. హర్త్‌కు దాదాపు 25 గంటల తర్వాత, యాన్మార్‌కు 50 గంటల తర్వాత. తర్వాత యాన్మార్ 250 గంటలకోసారి అంటుంది. హర్త్ ఏడాదికి ఒక్కసారైనా మార్చమంటుంది. వారాంతాల్లో మాత్రమే తిరిగే పడవకు ఏడాదిలో 250 గంటలు ఎప్పటికీ కావు. కాబట్టి గంటల లెక్క పక్కన పెట్టి ఏడాదికోసారి మార్చేయడమే మేలు. చలికాలానికి పడవ కట్టేసే ప్రాంతాల్లో కట్టేసే ముందే మార్చండి, తేమ చేరిన ఆయిల్ నెలల తరబడి బేరింగుల మీద ఉండిపోకుండా. తేదీ, ఇంజిన్ గంటలు, తీసింది ఎంత, పోసింది ఎంత, రంగు ఎలా ఉంది, ఈ ఐదూ లాగ్‌బుక్‌లో రాయండి. రెండేళ్ల తర్వాత పడవ అమ్మాలన్నా ఆ పేజీ పనికొస్తుంది.

తీసిన ఆయిల్‌ను చెత్తబుట్టలో, డ్రైనేజీలో, నీళ్లలో పారబోయడం నేరం. కాలిఫోర్నియాలో జనం దగ్గర పాత ఆయిల్ ఉచితంగా తీసుకునే కేంద్రాలున్నాయి, చాలా ఆటో పార్ట్స్ దుకాణాలూ తీసుకుంటాయి. డీజిల్, కూలెంట్, నీళ్లు కలిసినది మాత్రం తీసుకోరు, దాన్ని విడి సీసాలో ఉంచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. పొరపాటున నీళ్ల మీద ఆయిల్ తెట్టు కనిపిస్తే దాని మీద గిన్నెల సబ్బు పోయకండి. తెట్టు కనిపించకుండా పోతుంది గానీ ఆయిల్ నీళ్లలోనే ఉంటుంది, అమెరికాలో అలా చేయడం విడిగా ఇంకో నేరం. ప్యాడ్లతో అద్ది తీయండి, రేవు ఆఫీసుకు చెప్పండి.

లీటరు డబ్బాలో మిగిలిన ఆయిల్‌ను పడవలోనే, రెండు రాగి వాషర్లతో కలిపి ఒక కవర్లో కట్టి, ఇంజిన్ గది దగ్గరే ఉంచండి. కవర్ మీద కూడా ఆయిల్ పేరు రాయండి.